కిడ్నీ రోగికి ఆపరేషన్‌లో ఏ మజిల్ రిలాక్సెంట్ మేలు?

మజిల్ రిలాక్సెంట్లంటే ఆపరేషన్‌లో కండరాలను కదలనివ్వని మందులు. వాటిలో కిడ్నీలు పాడైనవారికి సాధారణంగా అట్రాక్యూరియం లేదా సిస్‌అట్రాక్యూరియం మేలు, ఎందుకంటే ఒంట్లోంచి పోవడానికి ఇవి కిడ్నీల మీద పెద్దగా ఆధారపడవు. ఒంటి వేడికి, రక్తంలోని క్షారగుణానికి చాలావరకు వాటంతటవే విచ్ఛిన్నమవుతాయి. వెకురోనియం అనే మరో రిలాక్సెంట్ అలా కాదు; దాన్ని ఎక్కువగా లివర్, కొంత కిడ్నీలు బయటికి పంపాలి. నిమ్స్‌లో కిడ్నీ మార్పిడికి చేరిన డయాలసిస్ రోగినే తీసుకోండి. వెకురోనియం పదేపదే ఇస్తే, ఆపరేషన్ అయ్యాక కూడా ఊపిరి తీసే కండరాలు నీరసంగానే ఉండిపోవచ్చు. సక్సినైల్‌కోలిన్ అనే ఇంకో రిలాక్సెంట్ దాదాపు నిమిషంలో పనిచేస్తుంది గానీ రక్తంలో పొటాషియాన్ని లీటరుకు సుమారు 0.5 మిల్లీ ఈక్వివలెంట్లు పెంచుతుంది. అప్పటికే పొటాషియం ఎక్కువుంటే గుండెకే ముప్పు.

ఈ మందులే నిద్రపుచ్చి నొప్పి తెలియకుండా చేస్తాయని చాలామంది అనుకుంటారు. కాదు. ఇవి కండరాలను కదలనివ్వవు, అంతే. మత్తుకు, నొప్పికి మందులు విడిగా ఇచ్చి తీరాలి.