పొమోనా గబ్బిలం ఇన్ని దేశాల నుంచి ఎలా మాయమైంది?

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయంలోని పాత పుస్తకంలో పొమోనా ఆకుముక్కు గబ్బిలం దక్షిణ భారతదేశం నుంచి దక్షిణ చైనా, మలేసియా దాకా విస్తరించి ఉందని చదివాను. ఇటీవలి జాబితాలు మాత్రం అది మన ద్వీపకల్పంలోనే ఉందని, ప్రమాదంలో ఉందని చెబుతున్నాయి. మిగిలిన దేశాలన్నిటిలో అది నశించిపోయిందా? కోలారు గుహల్లో ఉన్న గబ్బిలానికి, దీనికి సంబంధం ఏమిటి? అది మా ప్రాంతంలో కూడా ఉండే అవకాశం ఉందా?
– జీవశాస్త్ర అధ్యాపకురాలు, పలమనేరు

జవాబు: అది ఎక్కడా నశించలేదు. ఒకే పేరు కింద రెండు జాతులను కలిపి లెక్కించడం వల్ల పాత పటం అంత పెద్దదిగా కనిపించింది. ఆ రెండింటినీ విడదీశాక పొమోనాకు దక్కినది దక్షిణ భారతం మాత్రమే.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త క్నుడ్ ఆండర్సన్ 1918లో కొడగులోని హాలేరి నుంచి వచ్చిన నమూనా ఆధారంగా హిప్పోసిడెరోస్ పొమోనాను, బర్మాలోని థాయెట్మ్యో నుంచి వచ్చిన నమూనా ఆధారంగా హిప్పోసిడెరోస్ జెంటిలిస్‌ను వర్ణించారు. అంటే ఆయన వీటికి మొదటినుంచీ వేరువేరు పేర్లే పెట్టారు. తరువాతి కాలంలో, చిన్నగా, పెద్ద చెవులతో, చూడటానికి దాదాపు ఒకేలా ఉండే ఈ గబ్బిలాలను జావా నుంచి వర్ణించిన బైకలర్ అనే జాతిలో రూపభేదాలుగా పరిగణించారు. 1986లో హిల్, జుబైద్, డేవిసన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ గుంపును మళ్లీ పరిశీలించి, ఆసియా ప్రధాన భూభాగంలోని వాటిని బైకలర్ నుంచి వేరుచేశారు. అయితే వాటన్నిటికీ పొమోనా అనే పేరే నిలవడంతో కొడగు గబ్బిలం, హాంగ్‌కాంగ్ గబ్బిలం ఒకే జాతి అయిపోయాయి.

ఈ చిక్కును విప్పినవారు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కావడం మనకు సంతోషం కలిగించే విషయం. భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు 2018లో ప్రచురించిన పత్రంలో, ముక్కు మీది ఆకువంటి చర్మపు మడత నిర్మాణాన్ని, మగ గబ్బిలాల పురుషాంగంలో ఉండే సన్నని ఎముక ఆకారాన్ని పోల్చి, పొమోనా, జెంటిలిస్ రెండూ వేరువేరు జాతులేనని చూపారు. ఒంటి రంగు, ముంజేతి పొడవు వంటి కొలతలు ఈ ప్రజాతిలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కాబట్టి, పైకి కనబడని ఆ చిన్న ఎముక ఇక్కడ నమ్మదగిన సాక్ష్యమైంది. ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా, దక్షిణ చైనా దాకా ఉన్నవి ఇప్పుడు జెంటిలిస్ కిందికి వెళ్లాయి.

ఇది కేవలం పేర్ల మార్పిడి అనుకోవడం సరికాదు. హాంగ్‌కాంగ్‌లోని ఆకుముక్కు గబ్బిలాల్లో ఒక రకం కరోనా వైరస్‌ను గుర్తించినట్లు 2012లో వెలువడిన పత్రంలో ఆ గబ్బిలం పేరు పొమోనా అనే ఉంది. నేటి వర్గీకరణ ప్రకారం అది కొడగు గబ్బిలం కాదు. పాత పత్రాలను చదివేవారు నమూనా ఏ దేశానిదో చూడకుండా పేరును మాత్రమే చూస్తే, మన గుహల్లోని ఒక అరుదైన ప్రాణి మీద దానికి సంబంధం లేని అనుమానం పడుతుంది.

ఇక కోలారు గబ్బిలం సంగతి. ఇది హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్. పొమోనా మాదిరే బైకలర్ గుంపుకు చెందినదే గానీ ప్రత్యేక జాతి. కోలారు జిల్లా హనుమనహళ్ళి నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా కాక్, భట్ దీనిని 1994లో వర్ణించారు. లోకంలో ఇది కోలారు జిల్లాలో తప్ప మరెక్కడా నమోదు కాలేదు. పరిశోధకులు లెక్కించినప్పుడు ఒకే గుహలో మిగిలినవి 200 కంటే తక్కువ. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. ఆ గుహ ఉన్నది గ్రానైట్ గుట్టలో కావడమే ప్రమాదానికి మూలం. ఒక్క క్వారీ పేలుడుతో మొత్తం జాతి లేకుండా పోగల పరిస్థితి అది. పరిశోధకుల ప్రయత్నంతో గుహల చుట్టూ సుమారు 30 ఎకరాల్లో తవ్వకాలు జరగకుండా కర్ణాటక అటవీ శాఖ చర్యలు తీసుకుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2022 సవరణకు ముందు అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్న గబ్బిలాలు రెండే జాతులని, వాటిలో ఇది లేదని గుర్తుచేసుకుంటే, ఆ చర్య ఎంత అవసరమో తెలుస్తుంది.

అదే ప్రాంతంలో దుర్గాదాస్ ఆకుముక్కు గబ్బిలం కూడా ఉంది. దీనిని ఖజురియా 1970లో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ ప్రాంతం నుంచి వర్ణించారు. ఈ ప్రజాతి గబ్బిలాలు ముక్కుపుటాల ద్వారా అతిధ్వనులు పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనితో పురుగులను వేటాడతాయి. ఒక్కొక్క జాతి అరుపుదీ దాదాపు మారని ఒక ధ్వని స్థాయి (పౌనఃపున్యం). కోలారు గబ్బిలం అరుపు సుమారు 105 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఉంటే, దుర్గాదాస్ గబ్బిలానిది 170 దాపుల్లో ఉంటుంది. మనిషి చెవికి 20కి మించినవి వినబడవు గనుక వీటిని నమోదు చేయడానికి ప్రత్యేక పరికరం కావాలి. పట్టుకోకుండానే జాతిని గుర్తించగల ఈ పద్ధతి, రెండు వందలైనా లేని జాతి విషయంలో ఎంతో విలువైనది.

మీ చివరి ప్రశ్నకు వస్తే, పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు కూడా అటువంటి రాతిగుట్టలు ఉన్నాయి కనుక వెదకడం న్యాయమే. కానీ ఈ గబ్బిలాలు ఇక్కడ నమోదు కానంతవరకు వాటిని పటంలో చేర్చకూడదు. మీ విద్యార్థులు గుట్టల్లో గబ్బిలాలున్న గుహను చూస్తే లోపలికి వెళ్లవద్దని, టార్చిలైటు వేయవద్దని చెప్పండి. ఆడ గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒకే పిల్లను కంటుంది. బెదిరి ఎగిరినప్పుడు ఆ పిల్ల కిందపడితే మళ్లీ ఏడాది దాకా దాని స్థానం నిండదు. గుహ ఉన్న చోటును, సాయంత్రం అవి బయటికి వచ్చే సమయాన్ని దూరం నుంచి రాసుకుని, అటవీ శాఖకూ, గబ్బిలాల ధ్వనులను నమోదు చేసే పరికరం ఉన్న విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగానికీ తెలియజేయండి.