గ్రిమ్‌షా వీధుల్లో ఆ పసుపు వెలుగు ఎక్కడిది?

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ చిత్రకారుడు అట్కిన్‌సన్ గ్రిమ్‌షా బొమ్మల్లోని సాయంత్రపు వెలుగు నిజంగా ఉండేదా, మనం నూనె రంగుల్లో ప్రయత్నిస్తే ఎందుకు మురికిగా వస్తుంది అని అడిగారు. నేను ఉండేది ఆయన పుట్టిన లీడ్స్ నగరంలోనే, నూనె రంగులు వేస్తాను కూడా. చూసింది, చేసింది చెబుతాను.

ఆ వెలుగు నిజమే. ఇక్కడ నవంబరు చివర్లో నాలుగింటికల్లా పొద్దు గూకుతుంది. కానీ మన ఊళ్లలోలా చప్పున చీకటి పడదు. సూర్యుడు బాగా ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఆకాశం చాలాసేపు వెలుగుతూనే ఉంటుంది. లీడ్స్‌లోని హెడింగ్లీ పేట పాత వీధుల్లో ఎత్తైన రాతి ప్రహరీలు, ఆకు రాల్చిన చెట్లు, తడి రోడ్డు, లోపలెక్కడో దీపం పెట్టిన కిటికీ ఇప్పటికీ కనిపిస్తాయి. మిల్లుల బొగ్గు పొగ మాత్రం పోయింది. ఆయన ఆకాశంలోని ఆకుపచ్చ కలిసిన పసుపులో ఆ పొగకూ వాటా ఉందని నా నమ్మకం.

1836లో పుట్టిన ఆయన రైల్వే గుమాస్తాగా పనిచేసి, ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకున్నా 1861లో ఉద్యోగం వదిలి బొమ్మల మీదే బతికాడు. బొమ్మలు వేయడానికి ఫోటోలు, కటకాలు (లెన్సులు) వాడాడని కొందరు తక్కువ చేస్తారు. ఆ మాట నాకు బాధగా ఉంటుంది. అప్పటి ఫోటోల్లో రంగే లేదు కదా! ఆ రంగంతా ఆయన కన్ను పట్టుకున్నదే.

ఇక మీ మురికి సంగతి. లీడ్స్ ఆర్ట్ గ్యాలరీలో ఆయన 1882 నాటి 'పార్క్ రో' అనే వీధి బొమ్మ ఉంది. ఇలాంటి బొమ్మల్ని దగ్గర నుంచి చూస్తే కుంచె జాడ దాదాపు కనపడదు, రంగు పలచని పొరలుగా ఉంటుంది. మీరు బహుశా తడి మీదే గోధుమ రంగునూ పసుపునూ కలిపేస్తున్నారు. ముందు ఆకాశాన్ని లేత రంగులో వేసి పూర్తిగా ఆరనివ్వండి. నూనె కలిపిన పలచని పసుపు పూత దానిమీద వేయండి, మళ్లీ ఆరనివ్వండి. కొమ్మలు ఆఖర్న. ఆకాశానికి కలిపిన రంగునే కొంచెం ముదర చేసి రోడ్డు మీద నీళ్లు నిలిచిన బండి చక్రాల గాడుల్లో నింపండి. ఆ నీటి మెరుపుతోనే వీధి వెలుగుతుంది. కిటికీ దీపానికి మాత్రం నారింజ రంగు, అదీ చిన్న చుక్కంత. దాన్ని పెద్దది చేస్తే చుట్టూ ఆకాశం చచ్చిపోతుంది.

పొర ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపడకండి. సందేహమొస్తే మీ బొమ్మను ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసి చూడండి: గోడ, రోడ్డు ఒకే ముదురులో కనిపిస్తే రోడ్డుకు ఇంకో పూత కావాలి.