వైజాగ్‌లో మూడు రోజులా? ముందు అలారం పెట్టుకోండి

వరంగల్ నుంచి అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో డిసెంబర్‌లో మూడు రోజులు వైజాగ్ వస్తున్నామని మీరు రాశారు. ట్రావెల్స్ వాళ్ళ లిస్టు వద్దు, అక్కడ పెరిగినవాళ్ళు తమ ఇంటికి చుట్టాలొస్తే ఏం చూపిస్తారో చెప్పండి అని అడిగారు. నేను పెదవాల్తేరులో పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో స్థిరపడినవాణ్ణి. ఇప్పటికీ సెలవు దొరికితే అక్కడికే పరిగెడతాను. వెళ్ళినప్పుడు నేను చేసేవే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు టైము సంగతి. చాలామంది పొద్దున్న పదింటికి టిఫిన్ ముగించి, మిట్టమధ్యాహ్నం కైలాసగిరి ఎక్కి, సాయంత్రం ఆరు దాటాక ఆర్కే బీచ్‌లో జనం మధ్య నిలబడి, ఇంతేనా అనుకుని వెళ్ళిపోతారు. మాది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. డిసెంబర్‌లో ఐదున్నరకే పొద్దు పోతుంది, ఆరున్నరకి మీరు బీచ్‌కి చేరితే అలల చప్పుడు వినడం తప్ప చూసేదేమీ ఉండదు. కాబట్టి బేగి లేవండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేస్తారు. మీ నాన్నగారికి వాకింగ్ అలవాటుంటే ఇంక ఆయన్ని వెనక్కి పిలవడం కష్టం. పిల్లలు రోడ్డు మీద పరిగెత్తినా ఎవరూ హారన్ కొట్టరు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆర్కే బీచ్‌లో స్నానాలొద్దు. ఒడ్డు ఉన్నట్టుండి లోతుగా దిగిపోతుంది, వెనక్కి లాగే నీటికి బలమెక్కువ. మోకాళ్ళ దాకా దిగినవాళ్ళు కూడా కొట్టుకుపోయిన సంఘటనలు మేం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. మా అమ్మ పాదాలు తడిస్తే చాలనేది, ఇప్పుడు మా పిల్లలకి నేనూ అదే చెప్తున్నాను. నీళ్ళలో ఆడి తీరాలంటే రుషికొండకి తీసుకెళ్ళండి. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్ గార్డులుంటారు. అక్కడైనా వాళ్ళు ఈల వేస్తే వెంటనే బయటికి వచ్చేయాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటు, ఫిషింగ్ హార్బర్. ఇది చాలామంది టూరిస్టుల లిస్టులో ఉండదు, ఉన్నా వాసనకి భయపడి వెళ్ళరు. వెళ్ళండి. తెల్లారేసరికి మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఆగి ఉంటాయి. సరుకు దించి నేల మీదే పోగులు పోస్తారు. వంజరం, చందువ, కానాగంతలు, కవళ్ళు, సొర, రకరకాల రొయ్యలు. పోగు చుట్టూ పది మంది మూగగానే వేలం పాట మొదలవుతుంది. పాట పాడే మనిషి ఏమంటున్నాడో కొత్తవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. ఎదుటివాళ్ళు నోరు కూడా విప్పరు, తల ఇలా ఊపితే రేటు పెరుగుతుంది, మొహం తిప్పుకుంటే ఆగిపోతుంది. రెండు నిమిషాల్లో పోగు ఎవరిదో తేలిపోయి, దాని మీద ఐసు పడిపోతుంది. కొనేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. సరుకుని వాళ్ళు చూసే పద్ధతి చూడండి. చేప చెవి రెప్ప ఎత్తి లోపలి ఎరుపు చూస్తారు, కంటి మీద వేలు పెడతారు, అంతే, ఇంకేం అడగరు. మీరూ ఒక చిన్న పోగు కొనుక్కోవచ్చు, అక్కడే కత్తిపీటల ముందు కూర్చున్నవాళ్ళు శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇస్తారు. వండిపెట్టే చుట్టాలు లేకపోతే చూసి వచ్చేయండి. నేలంతా తడి, పాత చెప్పులు వేసుకోండి. ఎవరి దారికీ అడ్డం నిలబడొద్దు, అది వాళ్ళ పని వేళ. ఫోటోకి ముందు ఒక మాట అడిగితే చాలామంది నవ్వుతూనే ఒప్పుకుంటారు. ఇది చదివి వేసవిలో వెళ్దామనుకునేవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటకి నిషేధం. అప్పుడు వెళ్తే లంగరేసిన బోట్లూ, వలలు బాగుచేసుకునే మనుషులే కనిపిస్తారు.

హార్బర్ నుంచి వన్ టౌన్ దగ్గరే, అదే పూట కలిపేసుకోండి. పాత పోస్టాఫీసు, విక్టోరియా రాణి బొమ్మ, కురుపాం మార్కెట్ సందులు... అసలు వైజాగ్ అంటే ఇదే, బీచ్ రోడ్డు హోటళ్ళన్నీ తర్వాత వచ్చినవి. ఓడలు లోపలికి వచ్చే కాలువ పక్కన వరసగా మూడు గుట్టలుంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. చర్చి ఉన్నది రాస్ హిల్. దాని మీద నిలబడితే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద కాలువ కనిపిస్తాయి. మీ అదృష్టం బాగుండి ఆ సమయానికి ఒక సరుకు ఓడ వచ్చిందంటే, ఎదురుగా మేడంత ఇనుము చప్పుడు లేకుండా కదిలి వెళ్ళడం చూస్తారు. 1933లో ఈ పోర్టు మొదలయ్యింది. ఈ కొండ అడ్డుగా ఉండబట్టే ఇక్కడ ఓడలకి నీడ దొరికింది, నీడ దొరకబట్టే ఊరు ఇంత పెరిగింది. పిల్లలకి ఈ విషయం పుస్తకంలో కంటే అక్కడ నిలబెట్టి చెప్తే బాగా ఎక్కుతుంది.

వన్ టౌన్‌లోనే బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. మీ అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి. అమ్మవారి మీద కప్పు ఉండదు, ఆకాశం కిందే కొలువు. ఎవరికి వాళ్ళు చేత్తో పసుపు కుంకుమ పెట్టి మొక్కుకోవచ్చు. మా పెద్దమ్మ అక్కడికి వెళ్ళి వచ్చిన రోజు చేతుల పసుపు సాయంత్రం దాకా కడుక్కునేది కాదు. అయితే మీరొచ్చే డిసెంబర్‌లో మార్గశిరం ఉంటుంది. మార్గశిర గురువారాల్లో ఆ వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పెద్దవాళ్ళతో కాబట్టి గురువారం తప్పించి ఇంకే రోజైనా పెట్టుకోండి.

సబ్ మెరైన్ గురించి అడగకుండానే చెప్తాను, ఎందుకంటే పిల్లలు ఎలాగూ వదలరు. కురుసుర 1969లో నేవీలో చేరి 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు గొట్టంలో 75 మంది దాకా ఎలా బతికారో లోపలికి వెళ్తే గానీ తెలియదు. పడక పక్కనే యంత్రం, యంత్రం పక్కనే ఇంకో పడక. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కన్నంలోంచి వంగి, కాలెత్తి దూరాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది నరకం, వాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. సోమవారం సెలవు. రోడ్డుకి అవతల నేవీ వాడిన టీయూ-142 విమానం ఉంది, 2017లో మ్యూజియంగా తెరిచారు. అదీ బాగుంటుంది గానీ రెండూ ఒకే సాయంత్రం చూడటం అంటే క్యూలలోనే పొద్దుపోతుంది. దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం ఉంది. పాకిస్తాన్ సబ్ మెరైన్ ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే అని చెప్తే, మా మేనల్లుడు ఆ రోజంతా సముద్రం వంకే చూస్తూ కూర్చున్నాడు. డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలు ఇప్పుడు ఏటా ఇక్కడే జరగడం లేదు, వేరే ఊళ్ళకీ ఇస్తున్నారు. ఇక్కడ జరిగే ఏడాది అయితే ఆ రోజు కాకుండా ముందు రిహార్సల్స్‌కి వెళ్ళండి. అవే హెలికాప్టర్లు, అవే ఓడలు, జనం మాత్రం తక్కువ.

రెండో రోజు మొత్తం భీమిలి రోడ్డుకి ఇచ్చేయండి. కారు మాట్లాడుకోవచ్చు గానీ, ఒక్కసారైనా 900కె బస్సు ఎక్కండి, వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. సముద్రం వస్తూ పోతూ ఉంటుంది. తెన్నేటి పార్కు దాటేటప్పుడు మా వాళ్ళంతా ఇప్పటికీ ఓడ కథ చెప్తారు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలికి ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి సరిగ్గా ఆ పార్కు కింద రాళ్ళకి తగులుకుంది. ఊరు ఊరంతా సెల్ఫీలకి పరిగెత్తింది.

దారిలో తొట్లకొండ. నేవీ వాళ్ళు 1976లో సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ ఆరామం, తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు అన్నీ తేలాయి. నిజం చెప్పాలంటే ఇప్పుడు మిగిలినవి పునాదులూ, మోకాలెత్తు గోడలే. పెద్ద కట్టడం ఉంటుందనుకుని వస్తే నిరాశే. నేను వెళ్ళేది ఆ కొండ మీద నుంచి కనిపించే సముద్రం కోసం. రెండు వేల ఏళ్ళ కింద ధ్యానానికి చోటు వెతుక్కున్నవాళ్ళకి మంచి అభిరుచి ఉందనిపిస్తుంది. పైన నీడ తక్కువ, నీళ్ళ సీసాలు పట్టుకెళ్ళండి, ఎండ ముదరకముందే దిగిపోండి.

ఇంకా ముందుకి వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం పక్కన ఎర్రటి ఇసుక, వానలు కోసిన లోయలు, చుట్టూ జీడిమామిడి చెట్లు. వేల ఏళ్ళుగా గాలీ నీళ్ళూ కలిసి చేసిన పని అది. దేశంలో ఇలాంటివి అరుదు కాబట్టి భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించారు. సాయంత్రం నాలుగు ప్రాంతంలో వెళ్ళండి, ఏటవాలు ఎండలో ఆ ఎరుపు ఇంకా చిక్కబడుతుంది. లోపల దారులన్నీ ఒకేలా ఉంటాయి, పిల్లల్ని చెయ్యి వదలొద్దు. గోడలెక్కనివ్వొద్దు, అది రాయి కాదు, కాలు పెడితే రాలిపోయే మట్టి. ఇది నా బాధ కూడా. నేను చిన్నప్పుడు చూసిన దిబ్బలకీ ఇప్పటి దిబ్బలకీ తేడా కళ్ళకి కనిపిస్తోంది.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, లైట్ హౌస్ ఉంది, అన్నిటికీ మించి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉంది. బొర్రా గుహల్లో పారేది ఈ గోస్తనే. మీరు అరకు వెళ్ళేట్టయితే ఒకే నదికి ఆ చివరా ఈ చివరా చూసినట్టు.

సింహాచలం మూడో రోజు పొద్దున్నే పెట్టుకోండి, శని ఆదివారాలు కాకుండా. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. గుళ్ళో కప్ప స్తంభాన్ని కౌగిలించుకోవడం పిల్లలకి సరదా. ఇప్పుడు కాదు గానీ, ఎప్పుడైనా ఆషాఢ పౌర్ణమికి రాగలిగితే గిరి ప్రదక్షిణ చూడండి. తొలిపావంచా, అంటే కొండ మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు రాత్రంతా నడుస్తారు. నడవలేనివాళ్ళు దారి పక్కన బల్లలేసి నిలబడతారు. మా వీధివాళ్ళం ఇసుకతోట దగ్గర మజ్జిగ పోసేవాళ్ళం. గ్లాసు అందుకున్నవాళ్ళు ఆగరు, నడుస్తూనే తాగి, తర్వాతి బల్ల దగ్గర గ్లాసు పడేసి పోతారు. మా పని తర్వాతి బల్లవాళ్ళతో పోట్లాడి గ్లాసులు తెచ్చుకోవడం.

కైలాసగిరి పిల్లల కోసం వెళ్ళొచ్చు, రోప్ వే ఎక్కించి తీసుకురండి. జూ, మ్యూజియాలు మీ ఇష్టం. నేనైతే ఆ టైములో భోంచేసి పడుకుంటాను. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్స్చర్ మాత్రం తినాలి. కలిపేటప్పుడు చూడండి, మరమరాలు ముందు వేస్తే మెత్తబడతాయని ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, కారం కలిపాకే చివర్లో వేసి రెండు కుదుపులు కుదిపి పొట్లంలో పోసేస్తారు. అలా కలిపే బండి దగ్గరే తినండి, చేతిలో పడ్డాక ఐదు నిమిషాలు కూడా ఆగొద్దు.

అరకు గురించి అడిగారు. మూడు రోజుల్లో ఇరికించొద్దు. పొద్దున్న ఏడు లోపే బయల్దేరే రైలు, 58 సొరంగాల లైను, అద్భుతమే. కానీ అదే రోజు వెనక్కి వస్తే పెద్దవాళ్ళు కుదేలైపోతారు. నాలుగో రోజు కలుపుకుని రాత్రి అక్కడ ఉండగలిగితేనే వెళ్ళండి, అద్దాల బోగీ టికెట్లు ముందే తీసుకోండి. ఇంటికి పట్టుకెళ్ళడానికి అరకు కాఫీ పొడి, మాడుగుల హల్వా. హల్వా గోధుమ పాలతో, నెయ్యి ధారాళంగా పోసి చేసేది, రోజుల తరబడి నిలవుంటుంది. రైలెక్కే ముందు కొనండి, ముందు రోజు కొంటే రూములోనే అయిపోతుంది. మీరొచ్చే తేదీలు ఇక్కడ రాస్తే, సోమవారం, గురువారం ఎక్కడ పడుతున్నాయో చూసి ఏ రోజు ఏది పెట్టుకోవాలో చెప్తాను.