ఛాంపియన్ ఎవరితో ఆడాడని రాసేముందు

చిరంజీవి అమ్మాయికి, అనంతపురం నుంచి మీ పీఈటీ సారు ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. బాక్సింగ్ ఛాంపియన్ టైటిల్ పోటీలకు తేలికైనవాళ్లనే ఏరుకుంటున్నాడని అందరూ అంటున్నారు, ఆదివారం పేజీకి దాని మీద రాయమని కర్నూలు పేపర్ ఆఫీసులో చెప్పారు, ఏకిపారేయచ్చా సార్ అని అడిగావు. విమర్శించమ్మా. ఛాంపియన్‌ని విమర్శించకూడదని నేనెప్పుడూ అనను. కాకపోతే మా టవర్ క్లాక్ దగ్గర టీ కొట్టులో జరిగే వాదనలా మాత్రం రాయొద్దు. అక్కడ రెండు ముక్కల్లో తేల్చేస్తారు: రెండో రౌండ్లోనే పడిపోయాడంటే వాడు చేతకానోడు, చేతకానోడితో ఆడాడంటే ఛాంపియన్ పిరికోడు. నువ్వు రింగులో నిలబడి దెబ్బలు తిన్నదానివి. నీ పేరుతో అచ్చయ్యే మాటకు ఇంతకన్నా బలం ఉండాలి.

నేను చూసే పద్ధతి చెప్తా. ఛాంపియన్ ఎవరితో ఆడాడో చూడకముందే, ఆ సమయంలో ఎవరు అవకాశం కోసం బయట కాచుకుని ఉన్నారో వెతుకు. ఆ మనిషి పేరు దొరికి, అతన్ని ఆపింది ఛాంపియనే అని తేలితే, ఎంత గట్టిగానైనా రాయి. అట్లాంటి మనిషే లేకుంటే ఎదురొచ్చినవాడు ఎంత బలహీనుడైనా ఛాంపియన్‌ని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు.

నువ్వు ఆడిన రోజుల్లో డ్రా తీసేవాళ్లం. ఎవరి పేరొస్తే వాళ్లతో ఆడాల్సిందే, పోయినేడాది గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్లకైనా అంతే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఆ పద్ధతి లేదు. అక్కడ డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలున్నాయి. ఎవరి బెల్ట్ వాళ్లది, ఎవరి ర్యాంకులు వాళ్లవి. ఒక్కో సంస్థ ఒకణ్ని మాండేటరీ చాలెంజర్ అని ప్రకటిస్తుంది, గడువులోపు ఛాంపియన్ అతనితో ఆడాలి. మధ్యలో ఆడేవి వాలంటరీ, వాటికి ఛాంపియనూ ప్రమోటరూ కలిసి తమకు నచ్చినవాణ్ని పిలుచుకుంటారు. ప్రతి టైటిల్ పోటీ మీద సంస్థకు ఫీజు ముడుతుంది, కాబట్టి పెద్ద పేరున్న ఛాంపియన్‌తో అవి కొంచెం మెత్తగానే ఉంటాయి. ఏ పోటీ మాండేటరీ, ఏది వాలంటరీ అని చూడకుండా పెన్ను పట్టుకోవద్దు. మాండేటరీగా వచ్చినవాడు బలహీనుడైతే అడగాల్సింది అతనికి ఆ ర్యాంకు ఇచ్చినవాళ్లని.

విమర్శకు నూటికి నూరుపాళ్లూ అర్హమైన ఉదాహరణ ఒకటి చెప్తా, బాగా గుర్తుపెట్టుకో. 1988 సియోల్ ఒలింపిక్స్ సూపర్ హెవీవెయిట్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ రెండో రౌండ్లోనే రిడిక్ బోను ఓడించాడు. ఇద్దరూ ప్రొఫెషనల్స్ అయ్యారు. 1992 అక్టోబర్ 31న లూయిస్ రేజర్ రడాక్‌ను రెండు రౌండ్లలో పడగొట్టి డబ్ల్యూబీసీ బెల్ట్‌కు వరుసలో మొదటివాడయ్యాడు. రెండు వారాలకే బో అప్పటి ఛాంపియన్ హోలీఫీల్డ్‌ను ఓడించి, ఆ డబ్ల్యూబీసీ బెల్ట్‌తో సహా తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు. ఇక లూయిస్‌తో ఆడాలి. ఆడలేదు. డిసెంబర్లో లండన్ వెళ్లి, విలేకరుల ముందే డబ్ల్యూబీసీ బెల్ట్‌ను చెత్తడబ్బాలో పడేశాడు. ఆ తర్వాత టైటిల్ నిలబెట్టుకోవడానికి పిలిచింది మైకేల్ డోక్స్‌ను, జెస్సీ ఫెర్గూసన్‌ను. ఒకరిని మొదటి రౌండ్లో, ఇంకొకర్ని రెండో రౌండ్లో ముగించాడు. ఈ ఇద్దరూ ఎంత తేలికో అందరూ రాశారు. నన్నడిగితే అది చిన్న విషయం. తనను ఒకసారి ఓడించినవాడు, హక్కుగా వరుసలో నిలబడినవాడు పక్కనే ఉండగా వీళ్లను పిలవడం, అదీ తప్పు. బో, లూయిస్ ప్రొఫెషనల్ రింగులో ఎన్నడూ తలపడలేదు. ఆ లోటు ఇప్పటికీ బో పేరు మీదే ఉంది.

దీనికన్నా పెద్ద అన్యాయం జాక్ డెంప్సీ కాలంలో జరిగింది. 1919లో ఛాంపియన్ అయినవాడు, 1923లో ఫిర్పోతో ఆడాక మూడేళ్లు టైటిల్ పోటీయే ఆడలేదు. అన్నేళ్లూ హ్యారీ విల్స్ అనే నల్లజాతి బాక్సర్ ఎదురుచూస్తూనే ఉన్నాడు. 1926లో డెంప్సీ రింగులోకి దిగింది జీన్ టన్నీతో, ఓడిపోయాడు. విల్స్‌కి ఆ అవకాశం రానేలేదు. అందులో డెంప్సీ పాలు ఎంత, నల్లవాడు మళ్లీ హెవీవెయిట్ ఛాంపియన్ అవుతాడేమోనని జంకిన ప్రమోటర్ల పాలు ఎంత అని ఇప్పటికీ వాదిస్తారు. విడదీసి రాయడం నీ పని. ఛాంపియన్ వద్దన్నాడా, ప్రమోటర్ వద్దన్నాడా, టీవీవాళ్లు వద్దన్నారా అన్నది తెలుసుకోకుండా అంతా ఛాంపియన్ నెత్తిన రుద్దితే అసలు దోషులు తప్పించుకుంటారు.

ఇప్పుడు జో లూయిస్ సంగతి. ఇతను పాతకాలపు హెవీవెయిట్, పైన చెప్పిన లెనాక్స్ లూయిస్ కాదు. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్, టైటిల్‌ను 25 సార్లు నిలబెట్టుకున్నాడు. 1940 డిసెంబర్ నుంచి 1941 జూన్ దాకా నెలకొకరితో ఆడాడు. పత్రికలవాళ్లు 'నెలకో పనికిమాలినోడు' అనే అర్థం వచ్చే పేరు పెట్టి ఎగతాళి చేశారు. ఆ నెలల్లో ఎవరినైనా తప్పించుకున్నాడా అని చూస్తే నాకు ఎవరూ కనపడరు. అందరినీ వరసబెట్టి కొడుతూ పోయాడు, అందుకే మిగిలినవాళ్లు చిన్నగా కనిపించారు. వాళ్లలో బడ్డీ బేర్ మే నెలలో మొదటి రౌండ్లోనే లూయిస్‌ను తాళ్ల అవతల పడేశాడు. జూన్‌లో వచ్చిన బిల్లీ కాన్ కింది వెయిట్ నుంచి వచ్చినవాడు. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి పాయింట్లు వేసే ముగ్గురిలో ఇద్దరి లెక్కలో బిల్లీ కాన్ ముందున్నాడు. పదమూడో రౌండ్లో నాకౌట్ చేద్దామని మీదికి పోయి, రౌండ్ ముగిసే లోపే తనే పడిపోయాడు. పనికిమాలినోళ్లని ఎగతాళి చేసిన ఆ వరసలోనే ఇన్ని ప్రమాదాలున్నాయి. ఏడాదికి ఒక్కసారి రింగెక్కి తేలికైనవాణ్ని పిలిచే ఛాంపియన్‌కీ, నెలనెలా ఆడే ఛాంపియన్‌కీ ఒకే కొలత పెట్టకూడదు.

వెయిట్ దగ్గర మాత్రం ఎవరినీ వదలొద్దు. మే నెలలో మన స్కూల్ సెలక్షన్స్ గుర్తున్నాయి కదా. పొద్దున ఆరింటికే కాంటా బయటపెట్టేవాణ్ని. పిల్లలు ఒంటికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని, పైన స్వెట్టర్ వేసుకుని, పీటీసీ గ్రౌండ్ చుట్టూ పరిగెత్తేవాళ్లు. నోట్లో చింతపిక్క పెట్టుకుని ఊరిన ఎంగిలంతా మగ్గులోకి ఉమ్ముతూ ఉండేవాళ్లు. పావుకిలో కోసం అంత యాతన. ఆ పావుకిలో రింగులో ఏం చేస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. మన సీమలో బండలాగుడు పోటీల్లో కూడా ఎద్దు నోరు తెరిచి పళ్లు చూశాకే పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగు పళ్లా అని విభాగం తేలుస్తారు. జత చూడ్డానికి ఎంత దిట్టంగా ఉన్నా పళ్లు చూడకుండా బండకు కట్టనివ్వరు. అంత పట్టింపు కోట్ల డాలర్ల పోటీల్లో ఒక్కోసారి కనపడదు.

2016 మే నెలలో కానెలో అల్వారెజ్ మిడిల్‌వెయిట్ బెల్ట్ కోసం అమీర్ ఖాన్‌ను పిలిచాడు. ఖాన్ బాగా ఆడిన రోజులన్నీ 140 పౌండ్ల దగ్గర. మిడిల్‌వెయిట్ హద్దు 160, వీళ్లు ఒప్పుకున్నది 155. అయిదు రౌండ్లు ఖాన్ వేగంతో బాగానే నెట్టుకొచ్చాడు, ఆరో రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బకు వెల్లకిలా పడిపోయాడు. కొట్టిన కానెలోనే భయపడి అతని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇదంతా జరుగుతుంటే గెన్నడీ గొలోవ్‌కిన్ ఆ బెల్ట్ కోసం వరుసలో ఉన్నాడు. కొద్ది రోజులకే కానెలో ఆ బెల్ట్ వదిలేశాడు, గొలోవ్‌కిన్‌తో ఆడింది 2017 సెప్టెంబర్లో. ఇక్కడ విమర్శించాల్సిందే, రెండు కారణాలకూ: చిన్నవాణ్ని పైకి లాక్కొచ్చాడు, తగినవాణ్ని బయటే కాచుకునేలా చేశాడు.

అయితే గొలోవ్‌కిన్ ఏం చేశాడో కూడా రాయాలి. అదే 2016 సెప్టెంబర్లో లండన్‌లో, 147 పౌండ్ల ఛాంపియన్ కెల్ బ్రూక్‌తో 160 దగ్గర ఆడాడు. అయిదో రౌండ్లో బ్రూక్ కార్నర్లోని అతని మనుషులే ఇక చాలని టవల్ విసిరారు, బ్రూక్ కంటి చుట్టూ ఎముక విరిగింది. అన్యాయం జరిగినవాడు కదా అని అతనికి మినహాయింపు ఇస్తే, కానెలో మీద నువ్వు రాసినదానికి విలువ ఉండదు.

ఇంకో జాగ్రత్త. పోటీ అయిపోయాక తెలిసినదాంతో, పోటీకి సంతకం పెట్టిన రోజున తీసుకున్న నిర్ణయాన్ని తూచొద్దు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్‌తో ఆడటానికి బస్టర్ డగ్లస్ వచ్చినప్పుడు అతని గెలుపు మీద పందెం 42కు 1, అంటే గెలుస్తాడని దాదాపు ఎవరూ అనుకోలేదు. పదో రౌండ్లో టైసన్ పడిపోయాడు. డగ్లస్ పడిపోయి ఉంటే తేలికైనవాళ్ల జాబితాలో ఇంకో పేరని రాసి ఊరుకునేవాళ్లు. 2019 జూన్‌లో ఆంటనీ జాషువాతో ఆడాల్సిన జారెల్ మిల్లర్ డోపింగ్‌లో దొరికాడు, వారాల వ్యవధిలో ఆండీ రూయిజ్‌ను తెచ్చారు. రూయిజ్ పొట్ట చూసి అందరూ నవ్వారు. ఏడో రౌండ్లో అతను ఛాంపియన్ అయ్యాడు. అందుకే ఒప్పందం రోజున ఎవరి ర్యాంకు ఎంత, చివరి పోటీ ఎప్పుడు, గాయాలేమన్నా ఉన్నాయా, మిగతా అర్హులు ఖాళీగా ఉన్నారా అని ముందు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో.

డబ్బు కోసం ఆడితే తప్పా అని అడిగావు. తప్పని నేననను. బాక్సర్ ఒళ్లు పణంగా పెట్టి బతికేవాడు, ఆ ఒళ్లు ఎన్నేళ్లు పనిచేస్తుందో వాడికే తెలియదు. 1978 ఫిబ్రవరిలో ఏడు ప్రొఫెషనల్ పోటీలు మాత్రమే ఆడిన లియాన్ స్పింక్స్ మహమ్మద్ అలీని ఓడించాడు. డబ్ల్యూబీసీ కెన్ నార్టన్‌తో ఆడమంటే, అలీతో రీమ్యాచ్‌లో బోలెడంత డబ్బుందని అటు మొగ్గాడు. బెల్ట్ తీసేసి నార్టన్‌కి ఇచ్చారు. స్పింక్స్ వెల కట్టి ఎంచుకున్నాడు, వెల చెల్లించాడు. అది నాకు అర్థమవుతుంది. బెల్టూ ఉండాలి, డబ్బూ రావాలి, వరుసలో ఉన్నవాడు మాత్రం ఏళ్ల తరబడి కాచుకుని కూర్చోవాలి అనేవాళ్లతోనే నాకు పేచీ. మేవెదర్, పాక్వియావోల పోటీ 2009 చివర్లోనే కుదరాల్సింది, రక్తపరీక్షల దగ్గర తెగింది. చివరికి జరిగింది 2015 మేలో. ఇద్దరి మంచి వయసూ దాటాక ఆడారు, చూసినవాళ్లకు నిరాశే మిగిలింది. అందులో ఒక్కరినే దోషి అని రాయలేం, ఇద్దరి శిబిరాలకూ పాలుంది.

చాలెంజర్‌ని ఎప్పుడూ చులకన చేయొద్దు. ఇది నేను బతిమాలి చెప్తున్నా. 1975లో అలీ ముందుకు వచ్చిన చక్ వెప్నర్ మద్యం అమ్మి బతికే సేల్స్‌మన్. తొమ్మిదో రౌండ్లో అలీ కిందపడ్డాడు. వెప్నర్ ముఖమంతా చీరుకుపోయి పదిహేనో రౌండ్ దాకా నిలబడ్డాడు, ఇంకో పందొమ్మిది సెకన్లుండగా ఆపేశారు. ఆ ఏడాదే అలీ మనీలాలో ఫ్రేజర్‌తో ఆడాడు, అంతకుముందు ఏడాది ఫోర్‌మన్‌తో. గట్టివాళ్లతో ఆడుతూ మధ్యలో ఒక వెప్నర్‌కి చోటిచ్చిన ఛాంపియన్‌ని నేను తప్పుపట్టను. వచ్చిన పిలుపు అందుకున్న వెప్నర్‌ని అసలే తప్పుపట్టను. పిలిచినవాడి నిర్ణయం గురించి రాయి, వచ్చినవాడి పరువు తీయకు.

మనవాళ్ల ఉదాహరణ కూడా వ్యాసంలో పెట్టు, చదివేవాళ్లకు వెంటనే ఎక్కుతుంది. 2019లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్స్‌కు 51 కిలోల విభాగంలో ట్రయల్ లేకుండా మేరీ కోమ్‌ను పంపాలని ఫెడరేషన్ చూసింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ తనకూ అవకాశం ఇవ్వాలని క్రీడామంత్రికి లేఖ రాసింది. చాలామంది ఆ అమ్మాయినే తిట్టారు, అంత పెద్దావిడతో పోటీనా అని. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది, మేరీ కోమ్ 9-1తో గెలిచింది. ఫలితం చూసి నిఖత్ అడగడం తప్పన్నవాళ్లు నాకు ఇక్కడే చాలామంది తగిలారు. ఓడిపోయినా అడగడం ఆమె హక్కు. మేరీ కోమ్ గొప్పతనానికీ ఆ ట్రయల్ వల్ల మచ్చ పడలేదు, గెలిచి వెళ్లింది. 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ.

నీ వ్యాసం మొదటి పేరాలోనే, బయట కాచుకుని ఉన్న బాక్సర్ పేరూ, ఎన్ని నెలలుగా కాచుకున్నాడో, ఏ సంస్థ లెక్కలో ఎన్నో ర్యాంకో రాయి. ఛాంపియన్ పేరు రెండో పేరాలో రానీ. ర్యాంకింగ్స్ నెలనెలా మారుతుంటాయి, ఇప్పటిది కాకుండా ఒప్పందం కుదిరిన నెలది వెతికి ప్రింట్ తీసి పక్కన పెట్టుకో. రాశాక అచ్చుకు ఇచ్చేలోపు నాకు ఒకసారి పంపించు, రాత్రి ఎంత పొద్దుపోయినా చదివి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ సారు