దన్నానపేట రాళ్ళ దగ్గర డబ్బా పెట్టకు

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. పండక్కి వచ్చినప్పుడు నువ్వు చెప్పిన జియోకాషింగ్ మీ అత్తయ్యకి బుర్రకెక్కలేదు గానీ నాకు నచ్చింది. ఒకడు డబ్బా దాచి అక్షాంశ రేఖాంశాలు ఇస్తాడు, ఇంకొకడు ఫోను పట్టుకుని వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, ఎక్కడిది అక్కడే పెట్టి వస్తాడు. బాగుంది. కానీ మన శ్రీకాకుళం జిల్లా దన్నానపేట రాకాసి రాళ్ళ దగ్గర ఒకటి దాస్తానన్నావే, అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది.

నీ ఫోను ఎంత మంచిదైనా ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. వెతికేవాడు ఆ చుట్టూ ఉన్న ప్రతి రాయీ ఎత్తి చూస్తాడు. అవి రెండు వేల ఏళ్ళకి పైబడ్డ సమాధుల రాళ్ళు. సుమారు 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పుతో సమాధి మీద మూతలా ఉన్న కప్పురాయిని ఎవడూ కదపలేడు, దాని గురించి నాకు బెంగలేదు. పక్కన గడ్డిలో పడున్న చిన్న రాళ్ళ మాటేమిటి? అవి ఏ వరసలో ఉన్నాయన్నదే కదా తవ్వి చూసేవాళ్ళకి కావాల్సింది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా బల్ల సొరుగులో ఉంది. బొటనవేలంత కుండపెంకు. బయట ఎరుపు, లోపల నిగనిగలాడే నలుపు. కుండని బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి వైపు అలా నల్లబడుతుంది. అంచున కుమ్మరి వేలు జారిన గీత ఇంకా తెలుస్తుంది. పాతికేళ్ళ వయసులో ముచ్చటపడి జేబులో వేసుకున్నాను. ఎక్కడ ఏరానో, సంగమయ్య కొండ వైపో, ఇంకెక్కడో, ఇప్పుడు గుర్తు లేదు. చోటు తెలియని పెంకు దేనికి పనికొస్తుంది?

దంతవరపుకోటకి మాత్రం తప్పకుండా వెళ్ళు. సరుబుజ్జిలి మండలంలో ఉంది. బుద్ధుడి దంతం ఉండేదని చెప్పుకునే దంతపురం ఇదేనంటారు. దూరం నుంచి చూస్తే చెరువు గట్టనుకుంటావు, అది మట్టికోట గోడ. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడే వేళకి చేరుకో, నేల ఎత్తుపల్లాలన్నీ నీడలతో తేలతాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే తుప్పలు తప్ప ఏమీ కనబడవు. పశువులు నడిచే దారిలోనే గట్టెక్కు, వాలు మీద జారుతూ దిగకు. ఒక్క వానకి ఆ జాడే కాలువైపోతుంది. బూట్లు వేసుకో, పాములుంటాయి.

శాలిహుండంలో దాచే ఆలోచనే వద్దు. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం అది. (వాడుకభాష గిడుగే. ఆ మనిషికి తీరిక ఎప్పుడు దొరికేదో!) ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

ఇంకో మాట. మన వైపు పాత రాయి చుట్టూ కొత్త మనిషి తచ్చాడితే గుప్తనిధుల వాడనే అనుకుంటారు. ఒక ఊళ్ళో నేనూ నా స్నేహితుడూ టేపు పట్టి రాయి కొలుస్తుంటే గంటసేపు నిలబెట్టేశారు. ఒక ముసలాయన వచ్చి, "మా మనవడికి లెక్కలు చెప్పిన మాస్టారర్రా" అనబట్టి బయటపడ్డాం. అందుకని ముందు ఊళ్ళోకెళ్ళి టీ తాగు. ఎందుకొచ్చావో చెప్పు, ఆ ఆట ఏమిటో ఫోన్లో చూపించు. పొలం ఎవరిదో కనుక్కుని అడిగి అడుగుపెట్టు. చీకటి పడ్డాక వద్దు.

డబ్బా పెట్టాలని అంత సరదాగా ఉంటే ఇలా చెయ్యి. కప్పురాయి కింద ఎన్ని రాళ్ళు ఆనించారో వెతికేవాళ్ళని లెక్కపెట్టమను, ఆ అంకె తెలిస్తేనే డబ్బా చోటు తేలాలి. డబ్బాని ఊళ్ళో టీకొట్టతను ఒప్పుకుంటే అతని దగ్గరే ఉంచు. అతనికీ నాలుగు టీలు అమ్ముడవుతాయి.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగగానే ఫోన్ చెయ్యి, బండి తీసుకొస్తాను. ఆ పెంకు కూడా తెస్తాను, చూద్దువు గాని.

మీ మావయ్య