పట్టేసిన నట్టు: లాగే ముందు ఆగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఊడిరాని నట్లూ బోల్టుల గురించే. వానలు తగ్గి, తీరిక దొరికి, బండి కింద దూరి చూసుకునే కాలం కదా మరి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది గోపాల్‌పూర్. నాన్నగారు కొన్న మారుతి 800 ఉంది, అమ్మబుద్ధి కాక నేనే చూసుకుంటున్నాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజిన్ పొగ బయటికెళ్ళే గొట్టం మొదట్లో సందు మూసే పలక) పోయి టపటపమని ఒకటే చప్పుడు. విప్పుదామంటే 12 సైజు నట్లు రెండు కదలనే కదలడం లేదు, ఒకదాని మూలలు అప్పుడే అరిగాయి. పానాకి పైపు తొడిగి ఒక్క గుంజు గుంజమంటున్నాడు పక్కింటి అన్నయ్య. గుంజెయ్యనా?

జవాబు: వద్దు తమ్ముడూ, అన్నయ్యకి నా మాటగా చెప్పు. ఎందుకో లెక్క చూడు. నీ 12 సైజు నట్టు ఎక్కేది 8 మిల్లీమీటర్ల స్టడ్డు (తల లేని, మరలున్న కడ్డీ) మీద. అంత స్టడ్డు మీద నట్టుని మామూలుగా బిగించేది రెండు, రెండున్నర కిలోగ్రామ్-మీటర్లు. అర మీటరు పైపు చివర పట్టుకుంటే ఐదు కిలోల బలంతోనే ఆ బిగువు వచ్చేస్తుంది. నువ్వు ఒళ్ళు వంచి నలభై కిలోల బలంతో లాగావనుకో, ఎనిమిది రెట్లు పడుతుంది, అప్పుడు నట్టు కదలదు, స్టడ్డు తెగుతుంది. 800 హెడ్డు (ఇంజిన్ పైభాగపు దిమ్మ) అల్యూమినియం, అందులో తెగిన స్టడ్డుని తవ్వి తీయడమంటే గాస్కెట్ ఖర్చు ఎక్కడో కిందకి పోతుంది.

మీ ఊళ్ళో ఉప్పుగాలికి గేటు గొళ్ళేలే పట్టేస్తాయి. ఇక రోజూ కాలుతూ చల్లారుతూ ఉండే ఎగ్జాస్ట్ నట్టు సంగతి చెప్పాలా? ఇనుము తుప్పైతే మునుపటికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరలకీ స్టడ్డు మరలకీ (చుట్టూ తిరిగే గాట్లకి) మధ్య ఉన్న ఆ సన్నటి సందులో తుప్పు ఉబ్బి, మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది. దాన్ని పగలగొట్టాలి, లేదా కాస్త జారేలా చేయాలి. బలం చివరి మాట.

ముందు వైరు బ్రష్షుతో స్టడ్డు బయట కనిపించే మరల్ని శుభ్రంగా గీకు. చాలామంది ఇది వదిలేస్తారు. నట్టు విడిపోయినా ఆ తుప్పు మరల మీదికి ఎక్కేటప్పుడు మళ్ళీ పట్టేస్తుంది, అక్కడే సగం స్టడ్లు తెగుతాయి. తర్వాత పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి చొరబడే పల్చటి నూనె) కొట్టి వదిలెయ్. పది నిమిషాలు కాదు, రాత్రి కొట్టి, పొద్దున మళ్ళీ కొట్టి, సాయంత్రం పని మొదలుపెట్టు. మధ్యమధ్యలో నట్టు మీద చిన్న సుత్తితో టకటకా తట్టు, అదురుకి తుప్పు చిట్లి నూనెకి దారి దొరుకుతుంది.

పానా విషయానికొస్తే, ఓపెన్ పానా పక్కన పెట్టు, అది రెండు వైపులే పట్టుకుంటుంది. ఆరు మూలల సాకెట్ కావాలి. పన్నెండు మూలలది మూలల కొసల్నే పడుతుంది, నీకు ఇప్పటికే ఒకటి అరిగింది. సాకెట్ తొడిగాక మొదట విప్పకు, కొంచెం బిగించే వైపు నెట్టు. ఎటు కదిలినా కదలడమే ముఖ్యం. ఆ తర్వాత విప్పే వైపు.

ఇక్కడ చెవులు పనికొస్తాయి. తుప్పు విడుతుంటే కీచుమని, లేదా టక్కుమని చప్పుడొస్తుంది, మరల్లోంచి గోధుమరంగు పొడి రాలుతుంది. అది మంచి గుర్తు. పావు చుట్టు విప్పి, నూనె చుక్క వేసి, అర పావు చుట్టు వెనక్కి బిగించి, మళ్ళీ విప్పు. అలా కాకుండా చప్పుడేమీ లేకుండా నట్టు మెత్తగా సాగినట్టు తిరిగి, చెయ్యి వదిలితే వెనక్కి వస్తోందంటే స్టడ్డు మెలి తిరుగుతోందన్నమాట. చెయ్యి తీసెయ్, వేడి చెయ్యాల్సిందే.

వేడికి ముందు బ్యాటరీ విప్పు, పెట్రోలు పైపులు, కార్బురేటరు దగ్గరలో ఉంటే తడిగుడ్డ కప్పినంత మాత్రాన సరిపోదు, ఆ భాగాలు తీసి దూరంగా పెట్టాలి. నూనె తుడిచెయ్. ఇసుక బకెట్టు పక్కన ఉండాలి. చిన్న టార్చితో నట్టునే కాల్చు, హెడ్డుని కాదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైగా ఇనుములా ఎర్రబడి ముందుగా చెప్పదు. నట్టు వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంచెం చల్లారాక కొవ్వొత్తిని స్టడ్డు మొదట్లో తాకిస్తే మైనం కరిగి లోపలికి జారుతుంది. ఎర్రగా కాలిన దాని మీద ఆయిల్ స్ప్రే కొట్టావా, మంటే.

ఇంతకీ మూలలు అరిగిన నట్టుని కాపాడాలని చూడకు. నట్ స్ప్లిట్టర్ ఉంటే దాంతో, లేకపోతే ఉలితో ఒక పక్క చీల్చెయ్. నట్టు చవక, స్టడ్డు ఖరీదు. ఒకవేళ నట్టుతో పాటు స్టడ్డే మొత్తంగా తిరిగి బయటికొచ్చేస్తే దిగులు పడకు, అది అదృష్టం, కొత్త స్టడ్డు వేసుకోవచ్చు.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. వాటర్ పంపు బోల్టు తల ఊడిపోయి, ముక్క హెడ్డులోనే ఉండిపోయింది. పైకి అసలు కనపడటం లేదు. ఈజీ అవుట్ సెట్టు (తెగిన బోల్టులో దూర్చి వెనక్కి తిప్పి తీసే పనిముట్లు) కొన్నాను. వాడొచ్చా అండి?

జవాబు: వాడొచ్చు గానీ మొదటే దాన్ని చేతికి తీసుకోకండి. ఈజీ అవుట్ చాలా గట్టి ఉక్కుతో చేస్తారు కాబట్టి అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని గీకలేదు, ఒక కష్టం పోయి రెండవుతాయి. పట్టేసిన బోల్టు తల ఊడే దాకా తిరగలేదంటే సన్నటి ఈజీ అవుట్‌కి మాత్రం లొంగుతుందా? పంచ్‌తో సరిగ్గా నడుమ గుర్తు కొట్టి, ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్టుతో మెల్లగా తవ్వండి. తవ్వే వేడికీ, విప్పే వైపు తిప్పుడికీ ఒక్కోసారి ముక్క దానంతటదే బయటికొస్తుంది. ముక్క కాస్త పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టించడం ఇంకా మేలు, వేడి లోపలి దాకా పోతుంది, పట్టుకోవడానికి తల కూడా దొరుకుతుంది. మీదిలా లోపలికి ఉంటే మంచి చెయ్యి ఉన్న వెల్డర్ కావాలి. మర పాడైపోతే హెలికాయిల్ (కొత్త మరగా కూర్చే తీగ చుట్ట) వేయిస్తారు, హెడ్డు మార్చాలని ఎవరైనా తొందర పెడితే ఆ మాట ముందు అడగండి.

ప్రశ్న: జయపురంలో మా మావయ్యది పాత 1500 సీసీ అంబాసిడర్. 13 నంబరు పానా వేస్తే జారిపోతోంది, 12 ఎక్కడం లేదు. పానా నాసిరకమా?

జవాబు: పానా తప్పు కాదు, బోల్టు తప్పూ కాదు. ఆ ఇంజిన్ ఇంగ్లండ్ వాళ్ళ డిజైను, బోల్టులు అంగుళాల కొలతలో ఉంటాయి. మీరు చెప్పినది అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 వేస్తే 0.3 మిల్లీమీటర్ల సందు, మూలలు అరగడానికి అది చాలు. ఇంచీ పానాల సెట్టు ఒకటి మావయ్యగారికి కొనిపెట్టండి. ఇసుజు ఇంజిన్ ఉన్న తర్వాతి అంబాసిడర్లకైతే మామూలు ఎం.ఎం. పానాలే పడతాయి.

ప్రశ్న: రాయగడలో మంచి పెనిట్రేటింగ్ ఆయిల్ దొరకలేదు. కిరోసిన్, డీజిల్, డబ్ల్యూడీ-40, బ్రేక్ క్లీనర్, వీటిలో ఏది వాడమంటారు?

జవాబు: డబ్ల్యూడీ-40 పేరులోనే ఉంది, డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని తరిమెయ్యడానికి చేసినది. పైపైన తుప్పుకి పనికొస్తుంది, రెండు మూడు సార్లు కొట్టండి. డీజిల్, కిరోసిన్ కూడా రాత్రంతా నానబెడితే ఎంతో కొంత పని చేస్తాయి. తర్వాత వేడి చేసే ఆలోచన ఉంటే మాత్రం ఏదైనా సరే పూర్తిగా తుడవండి. బ్రేక్ క్లీనర్ అసలు వద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే మంట తగిలినప్పుడు ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇంకొకటి, బోల్టు మరలకి ఎర్ర థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పూసి ఉంటే ఏ నూనె పోసినా దండగ, 250 డిగ్రీల దాకా వేడి చేస్తేనే అది మెత్తబడుతుంది.

ప్రశ్న: స్పార్క్ ప్లగ్గులు ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు విప్పితే సులువని ఒకరు, చల్లగా ఉన్నప్పుడే విప్పాలని ఒకరు. (బరంపురం)

జవాబు: అల్యూమినియం హెడ్డైతే చల్లారాకే విప్పండి, వేడి హెడ్డు మరలు మెత్తగా ఉండి ప్లగ్గుతో పాటు లేచొస్తాయి. మరీ పట్టేస్తే నూనె వేసి కాసేపు ఆగి, కొంచెం విప్పి కొంచెం బిగిస్తూ తీయండి. కొత్త ప్లగ్గుకి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) పూయమని చెబుతుంటారు, కానీ మెరిసే పూత ఉన్న ప్లగ్గులకి అక్కర్లేదు, పూస్తే జారుడుకి తెలియకుండా ఎక్కువ బిగించేస్తారు.