ఒక ఫారడ్ దేనికి సరిపోతుంది?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సప్లై పోయినా మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్‌లో ఉండే చిన్న కంప్యూటర్) కాసేపు బతికి, తన లెక్కలు భద్రం చేసుకుని ఆగేలా సూపర్ కెపాసిటర్ (మామూలు దానికంటే ఎన్నో రెట్లు ఛార్జ్ దాచుకునే కెపాసిటర్) పెట్టడం గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. సర్క్యూట్ బాగుంది, భాషా బాగుంది. కానీ ‘ఒక ఫారడ్ పెడితే సరిపోతుంది’ అని (ఫారడ్ అంటే కెపాసిటర్ ఎంత ఛార్జ్ పట్టుకోగలదో చెప్పే కొలత) ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. దేనికి సరిపోతుంది? ఎంతసేపు?

కెపాసిటర్ బ్యాటరీలా ఉండదు. బ్యాటరీ చాలాసేపు దాదాపు ఒకే వోల్టేజీ దగ్గర నిలబడి చివర్లో పడిపోతుంది, ఇదేమో మొదటి క్షణం నుంచే దిగిపోతూ ఉంటుంది. లెక్క చిన్నదే: ఎన్ని వోల్టులు దిగనివ్వొచ్చో దాన్ని ఫారడ్లతో గుణించి, చిప్ తాగే కరెంటుతో భాగిస్తే సెకన్లు వస్తాయి. సప్లై ఇచ్చే 5 వోల్టుల్లో షాట్కీ డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది, తక్కువ వోల్టేజీ తినే రకం) దగ్గర 0.3 పోతే మిగిలేది 4.7. నువ్వు వాడిన ఏటీమెగా328పీ చిప్ 16 మెగాహెర్ట్జ్‌లో నడవాలంటే సుమారు 3.8 వోల్టులు కావాలి. అంటే చేతిలో ఉన్నది 0.9 వోల్టే, 10 మిల్లీ ఆంపియర్లకు 90 సెకన్లు. బ్రౌన్ అవుట్‌ను (వోల్టేజీ ఇంతకంటే దిగితే చిప్ తనను తాను రీసెట్ చేసుకునే హద్దును) 4.3 దగ్గర పెట్టుకున్నవాడికి 40 సెకన్లకే రీసెట్ అయిపోతుంది. అదే సప్లై పోగానే క్లాక్‌ను (చిప్ నడిచే వేగాన్ని) 8 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి, బ్రౌన్ అవుట్‌ను 2.7 దగ్గర ఉంచితే 200 సెకన్లు దాటుతుంది, ఎందుకంటే కరెంటు కూడా తగ్గుతుంది కదా. పాఠకుడు ఇంట్లో కూర్చుని చేసి చూసుకోగలిగిన లెక్క ఇది, నీ వ్యాసంలో ఇదే లేదు.

ఇంకో సంగతి, చెప్పకుండా ఉండలేను. 32 బైట్లు ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరిగిపోని, చిప్ లోపలి మెమరీలో) రాయడానికి బైటుకు 3.4 మిల్లీసెకన్ల చొప్పున 110 మిల్లీసెకన్లు చాలు. దానికి 4700 మైక్రోఫారడ్ల మామూలు కెపాసిటరే సరిపోతుంది, సూపర్ కెపాసిటర్ అక్కర్లేదు! గడియారం నడుస్తూనే ఉండాలా, చివరి మెసేజ్ పంపాలా, ఊరికే డేటా దాచుకుంటే చాలా అన్నది మొదటి పేరాలోనే చెప్పేయి, మిగతా వ్యాసమంతా దాని వెనకే నడుస్తుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి సర్క్యూటే రాస్తూ, డయోడ్ తర్వాత నేరుగా కెపాసిటర్ గీసేశాను. కట్టి చూసిన ఒక పాఠకుడు, అడాప్టర్ ఆరిపోతూ వెలుగుతూ ఉంది, బోర్డు ఆన్ కావడం లేదు అని రాశాడు. ఖాళీ సూపర్ కెపాసిటర్ సప్లైకి షార్ట్ సర్క్యూట్‌లాగే కనిపిస్తుంది. నేను పరీక్షించిన బెంచ్ సప్లైలో కరెంట్ లిమిట్ ఉండటంతో నాకది కనబడనే లేదు. ఆయన రెండు రోజులు వృథా చేసుకున్నాడు, అది నాకిప్పటికీ బాధే. అందుకే 47 ఓముల రెసిస్టర్ గుండా ఛార్జ్ అవ్వాలి, అవసరమైనప్పుడు దాన్ని దాటుకుని కరెంటు వచ్చేలా పక్కనే ఇంకో డయోడ్ ఉండాలి (దీని దగ్గర పోయే వోల్టేజీ కూడా లెక్కలో వేసుకో). అలా చేస్తే నిండడానికి దాదాపు నాలుగు నిమిషాలు పడుతుందని కూడా రాయి.

బొత్తాం ఆకారంలో ఉండే 5.5 వోల్టుల రకమైతే లోపలి నిరోధం పదుల ఓముల్లో ఉండొచ్చు. 30 ఓములనుకుంటే, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) లాంటిది 100 మిల్లీ ఆంపియర్లు అడగగానే 3 వోల్టులు అక్కడికక్కడే మాయం. సప్లై పోయిందని కనిపెట్టే పిన్నును డయోడ్‌కు ముందు కలపాలన్నది నువ్వు సరిగ్గానే రాశావు, దాన్ని కదపకు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. మల్టీమీటర్‌ను కెపాసిటర్ కాళ్లకు తగిలించి, ప్లగ్గు పీకి, పది సెకన్లకోసారి వోల్టేజీ కాగితం మీద రాసుకో, చిప్ ఎక్కడ ఆగిందో దాని కింద గీత గియ్యి. ఆ కాగితం ఫొటో, మార్చిన మొదటి పేరా, రెండూ పంపు. వెంటనే చదువుతాను.